మూసి తెరిచే గాలి రంధ్రాలు: స్నేర్, కిక్ సౌండ్‌ని అదుపులో పెట్టుకోవడం ఎలా

సిమెంటు గోడలు, టైల్స్ నేల ఉన్న హాల్లో డ్రమ్స్ వాయించేవాళ్లందరిదీ ఒకటే గోల. స్నేర్ (కింద తీగలు బిగించిన, కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) మోత ఆగదు, కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) బూమ్ అని సాగుతూనే ఉంటుంది, పాడేవాళ్ల మాట వినపడదు. చర్చిల్లోనూ ఫంక్షన్ హాళ్లలోనూ మనవాళ్లు దీనికి చేసే వైద్యం హెడ్ (డ్రమ్‌కి బిగించిన పొర) మీద టేపు అతికించడం, లేకపోతే కర్చీఫో పర్సో పడేయడం. మోత తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు సౌండ్‌లో ప్రాణం కూడా పోతుంది. అదే డ్రమ్‌ని మర్నాడు ఓపెన్ గ్రౌండ్‌లో మీటింగ్‌కి తీసుకెళితే టేపంతా పీకి మొదటి నుంచి ట్యూనింగ్ చేసుకోవాలి.

దీనికి ఇంకో దారి ఉంది. డ్రమ్ లోపలి గాలి బయటికి వచ్చే దారిని పెద్దదీ చిన్నదీ చేసుకునేలా ఏర్పాటు చేయడం. ఖర్చు తక్కువే. చేతిలో పనితనం ఉన్నవాళ్లకు ఒక మధ్యాహ్నం చాలు. ముందు ఒక విషయం చెప్పాలి. షెల్‌కి (డ్రమ్ గుండ్రటి ఒంటికి) కంపెనీ వేసి ఇచ్చిన ఒక్క చిన్న రంధ్రాన్ని మూసి తెరిచి పెద్ద మార్పు కోసం చూస్తే నిరాశే మిగులుతుంది. తేడా తెచ్చేది రంధ్రాలన్నిటి మొత్తం వైశాల్యం.

లోపలి గాలి చేసే పని

డ్రమ్‌కి రెండు హెడ్‌లు. కర్ర తగిలేది బ్యాటర్ హెడ్. స్నేర్‌కి కింద, కిక్‌కి ముందు ఉండేది రెజొనెంట్ హెడ్. బ్యాటర్ మీద కొట్టినప్పుడు లోపలి గాలి నొక్కుకుని అవతలి హెడ్‌ని తోస్తుంది. అది మళ్లీ వెనక్కి తోస్తుంది. స్నేర్ వైర్లు పలికేదీ, మోత సాగేదీ ఈ తోపులాట వల్లే.

సైకిల్ పంపు మూతికి వేలు అడ్డం పెట్టి నెమ్మదిగా నొక్కితే గాలి సందుల్లోంచి జారిపోతుంది. గబుక్కున నొక్కితే స్ప్రింగులా ఎదురు తంతుంది. షెల్‌కి ఉన్న చిన్న రంధ్రం సంగతి కూడా అంతే. ఎండకి లోపలి గాలి వేడెక్కినా, సెట్‌ని కొండ ప్రాంతానికి తీసుకెళ్లినా లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానం చేయడానికి అది సరిపోతుంది. కానీ సెకనుకి రెండు వందల సార్లు ఊగే హెడ్ వేగాన్ని ఆ రంధ్రంలోని గాలి అందుకోలేదు.

ఎంత అందుకోలేదో లెక్క వేసి చూడొచ్చు. 14 అంగుళాల వెడల్పు, 5.5 అంగుళాల లోతు ఉన్న స్నేర్‌లో పట్టే గాలి దాదాపు 14 లీటర్లు. షెల్ మందం 7 మి.మీ., రంధ్రం 12 మి.మీ. అనుకుందాం. రంధ్రం ఉన్న ఏ డబ్బాలోనైనా గాలి తనంతట తాను ఒక స్థాయిలో ఊగుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం ప్రకారం ఈ స్నేర్‌కి అది సుమారు 40 హెర్ట్జ్ (సెకనుకి 40 ఊపులు) వస్తుంది. స్నేర్ అసలు స్వరం దాదాపు 200 హెర్ట్జ్ దగ్గర, ఒక్కోసారి ఇంకా పైన ఉంటుంది. రెండిటికీ పొంతనే లేదు. అదే షెల్‌కి 20 మి.మీ. రంధ్రాలు ఇంకో నాలుగు వేస్తే మొత్తం తెరుపు పన్నెండు రెట్లు అవుతుంది, ఆ అంకె 115 హెర్ట్జ్ దాకా లేస్తుంది. హెడ్‌లు గట్టి గోడలు కావు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా గాలి పట్టు ఎక్కడ సడలడం మొదలవుతుందో దీంతో తెలుస్తుంది.

పట్టు సడలితే కింది హెడ్ తక్కువ ఊగుతుంది. మోత త్వరగా తెగుతుంది, కర్ర దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది, మొత్తం మీద సౌండ్ డ్రై (మోత సాగకుండా పొడిగా) అవుతుంది. బదులుగా పోయేది మెత్తటి వాయింపులోని సున్నితత్వం. గోస్ట్ నోట్లకు (వినీ వినపడనట్టు కొట్టే మెత్తటి దెబ్బలకు) వైర్లు మునుపటంత చురుగ్గా పలకవు. ఈ రెండిటి మధ్య హాలుకు తగినట్టు, పాటకు తగినట్టు ఎంచుకోవడానికే మూతలు.

మన కచేరీల్లో ఈ పని అందరి కళ్లముందే జరుగుతుంది. ఘటం వాయించేవారు కుండ మూతిని పొట్టకు ఆనించి, మధ్యమధ్యలో కాస్త దూరం జరుపుతారు. మూతి మూసుకునే కొద్దీ ఆ గుమ్మనే నాదం కిందికి దిగుతుంది, తెరిస్తే పైకి లేస్తుంది. నైజీరియాలో ఇగ్బో వాళ్ల ఉడు అనే కుండకు పక్కన కూడా ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని అరచేత్తో మూసి తెరుస్తూ వాయిస్తారు. అక్కడ రంధ్రం పెద్దది, గాలే ముఖ్య స్వరం, అందుకే తేడా అంత బాగా తెలుస్తుంది. డ్రమ్ సెట్‌లో దానికి దగ్గరగా వచ్చేది కిక్. స్నేర్‌లో తేడా సూక్ష్మంగా ఉంటుంది.

డ్రిల్ పట్టుకునే ముందు

మొదట ట్యూనింగ్. డ్రమ్ కీతో తిప్పుతూ, ఒక్కో హెడ్‌కి దాని ప్రతి లగ్ (హెడ్ బోల్టు బిగిసే చోటు) దగ్గరా ఒకే స్వరం వచ్చేలా చూసుకోండి. కింది హెడ్‌లో ఒక లగ్ వదులైనా స్నేర్ బరబరా అంటుంది. అప్పుడు తప్పు గాలిది అనుకుంటే పొరపాటు. హెడ్ నడుమ గుంట పడి ఉంటే అది మార్చకుండా ముందుకు వెళ్లొద్దు.

తర్వాత, ఉన్న రంధ్రాన్ని బయటి నుంచి టేపుతో గాలి పోకుండా మూసి వాయించండి. టేపు తీసి వాయించండి. మెల్లగా, మధ్యస్థంగా, రిమ్‌షాట్‌తో (హెడ్‌నీ అంచు రింగునీ ఒకేసారి కొట్టే దెబ్బతో) గట్టిగా, మూడు రకాలుగానూ వినండి. ముందు వైర్లు దించి, తర్వాత ఎక్కించి. వైర్లు ఎక్కించి ఉంటే మోత ఎంతసేపు సాగుతోందో చెవికి సరిగా తెలియదు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. మూసిన గదిలో వరసగా రిమ్‌షాట్లు కొట్టడం చెవులకు మంచిది కాదు.

ఫోన్‌లో రికార్డు చేసి పోల్చుకుంటే ఇంకా మేలు. ఇక్కడ ఒక చిక్కుంది. చాలా ఫోన్ల వాయిస్ రికార్డర్లు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తొక్కేస్తాయి. దాంతో మోత ఉన్నదానికంటే ఎక్కువ సాగినట్టు వినిపిస్తుంది, తేడాలన్నీ మాయమవుతాయి. రికార్డింగ్ లెవెల్‌ని చేత్తో పెట్టుకునే యాప్ వాడండి. ఫోన్‌ని స్నేర్ పక్కన కాదు, జనం కూర్చునే చోట, మూడో నాలుగో వరసలో పెట్టి అన్నిసార్లూ అక్కడే ఉంచండి. స్టూల్ మీద కూర్చుని మనం వినేది వేరు, హాలు వినేది వేరు.

టేపు పెట్టినా తీసినా మీ చెవికి తేడా తెలియలేదంటే కంగారు పడొద్దు. పైన లెక్క చెప్పింది అదే. డ్రిల్ చేయడం ఇష్టం లేకపోతే ఇక్కడే ఇంకో మార్గం ఉంది: అంచు వెంట సన్నటి రంధ్రాలున్న బ్యాటర్ హెడ్‌లు దొరుకుతాయి. ఎవాన్స్ వాళ్ల జెనెరా డ్రై ఆ రకమే. కాకపోతే వాటిని మూసి తెరవలేం. డనెట్ వాళ్ల హైపర్‌వెంట్ లాంటి తిప్పుకునే వెంట్లు కూడా ఉన్నాయి, కానీ వాటిని విదేశాల నుంచి తెప్పించుకోవాలి.

స్నేర్‌కి రంధ్రాలు వేయడం

మంచి కంపెనీ స్నేర్‌కీ, పాత కాలపు విలువైన స్నేర్‌కీ డ్రిల్ పెట్టొద్దు. తర్వాత అమ్ముదామంటే ధర పడిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే మామూలు స్టీల్ షెల్ గానీ ప్లై (చెక్క పొరలు అతికించిన) షెల్ గానీ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ఎక్కడ వేయాలి? 200 హెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు 1.7 మీటర్లు. మన డ్రమ్ వెడల్పు 36 సెంటీమీటర్లు కూడా లేదు. అంటే లోపలి ఒత్తిడి షెల్ చుట్టూ దాదాపు ఒకేలా ఉంటుంది, రంధ్రం ఏ పక్కన ఉన్నా పని ఒక్కటే. కాబట్టి చెయ్యి అందే చోటే ఎంచుకోండి. రెండు లగ్‌ల నడుమ, షెల్ ఎత్తులో సరిగ్గా మధ్యన. 8 లగ్‌ల స్నేర్‌లో ఎనిమిది ఖాళీలుంటాయి. థ్రో-ఆఫ్‌కి (వైర్లు ఎక్కించి దించే మీటకి) ఒకటి, దాని ఎదురుగా వైర్లు బిగించే బట్ ప్లేట్‌కి ఒకటి, కంపెనీ రంధ్రానికి ఒకటి పోతే ఐదు మిగులుతాయి. నాలుగు రంధ్రాలకు చోటుంది. మీ పొట్ట వైపు ఉండేదాన్ని మాత్రం వదిలేయండి. వాయించే మధ్యలో దాని మూత తిప్పడం కుదరదు. మెటల్ షెల్‌కి వెల్డింగ్ అతుకు, చెక్క షెల్‌కి ప్లై అతుకు ఎక్కడుందో లోపల తడిమి చూసి, ఆ చోటు తప్పించండి.

హెడ్‌లు, రిమ్‌లు, వైర్లు, లగ్‌లు అన్నీ విప్పేయండి. విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. చాలా డ్రమ్‌లకు కంపెనీ బ్యాడ్జ్‌ని పట్టి ఉంచేది గాలి రంధ్రంలోని గ్రామెట్ అనే చిన్న రింగే. దాన్ని అనవసరంగా పీకారంటే బ్యాడ్జ్ ఊడి చేతికొస్తుంది.

గుర్తు పెట్టే చోట మాస్కింగ్ టేపు అతికించి, దాని మీద గీసుకోండి. మెటల్ షెల్‌కైతే సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టాలి, లేకపోతే బిట్ జారి పెయింటంతా గీతలు పడుతుంది. షెల్ లోపల ఆ చోటుకు ఒక చెక్క ముక్కని గట్టిగా ఆనించి పట్టుకోమని ఇంకొకరికి చెప్పండి. ముందు 3 మి.మీ. బిట్‌తో దారి చేయండి. ఆ తర్వాత మెటల్‌కి స్టెప్ బిట్, తక్కువ స్పీడు, మధ్యలో రెండు చుక్కల నూనె. చెక్కకి చెక్కలో వాడే 20 మి.మీ. బిట్‌ని బయటి నుంచి లోపలికి నెమ్మదిగా దించాలి. కొన అవతలికి కనపడగానే ఆపి, మిగిలింది లోపలి నుంచి పూర్తి చేస్తే ప్లై పొరలు చిట్లవు. తొందరపడేవాళ్లు షెల్ పాడు చేసేది ఈ చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గరే.

మెటల్ అంచుని ఆకురాయితో నున్నగా చేయండి. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోకూడదు. చెక్క అంచుకి సన్నటి ఎమరీ పేపర్ పట్టించి, రెండు పూతలు వార్నిష్ వేయండి. కోస్తా జిల్లాల్లో ఇది తప్పనిసరి, ప్లై అంచు తెరిచి వదిలేస్తే తేమ పీల్చుకుని ఉబ్బుతుంది.

మూతలు

అన్నిటికంటే సులువైనది రబ్బరు బిరడా. కాలేజీ ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో ఒక పక్క సన్నగా ఉండే రకం అన్ని సైజుల్లోనూ దొరుకుతాయి. షెల్‌లోకి దూరి లోపల పెద్దగా పొడుచుకు రాకుండా, బయట పట్టుకుని లాగడానికి కాస్త మిగిలేలా కోసుకోండి. నాలుగు రంధ్రాలకు నాలుగు బిరడాలు. డ్రై కావాలంటే తీసి జేబులో వేసుకోవడమే. లోపమల్లా అవి పోతుంటాయి. వదులుగా పెట్టినది గట్టి రిమ్‌షాట్‌కి ఊడి కింద పడుతుంది కూడా.

నాకు నచ్చేది తిప్పే రేకు. పక్కకు సగం జరపొచ్చు, పూర్తిగా తీయొచ్చు, ఏదీ ఊడిపోదు. 1.5 మి.మీ. అల్యూమినియం రేకుని 30 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. పొడవున ఒక పక్క గుండ్రంగా కత్తిరించండి. షెల్ గుండ్రానికి తగ్గట్టు చేత్తోనే కొద్దిగా వంచాలి. రంధ్రం మధ్య నుంచి పైకి లేదా కిందికి 25 మి.మీ. దూరంలో షెల్‌కి ఇంకో సన్న రంధ్రం వేసి, లోపలి నుంచి 4 మి.మీ. బోల్ట్ బయటికి పంపండి. రేకు లోపలి వైపు పాత సైకిల్ ట్యూబు ముక్కని రబ్బరు సొల్యూషన్‌తో అతికించండి. గాలి ఆగేది దాని వల్ల, రేకు గలగలలాడకుండా ఉండేదీ దాని వల్లే. పైన వాషర్, దాని మీద నైలాన్ ఉన్న లాక్ నట్. మామూలు నట్ పెడితే పది పాటలకే వదులవుతుంది. బొటనవేలితో తోస్తే తిరగాలి, దానంతట అది జరగకూడదు, బిగింపు అంత ఉంటే చాలు. వంపు ఉన్న షెల్ మీద రేకు పక్కకు తిరిగినప్పుడు ఒక అంచు కాస్త పైకి లేస్తుంది. సైకిల్ ట్యూబుని రెండు పొరలు వేస్తే ఆ సందు సర్దుకుంటుంది.

బిగించాక వాయించే ముందు ఒక పరీక్ష చేయండి. హెడ్‌లు ఎక్కించి, వైర్లు దించి, అంచు దగ్గర కర్ర కొనతో మెల్లగా కొడుతూ ప్రతి రేకు మీదా వేలు ఆనించి చూడండి. వేలు పెట్టగానే ఏదైనా చిరు మోత ఆగిందంటే ఆ రేకే గలగలలాడుతోందన్నమాట.

కిక్: అసలు తేడా ఇక్కడే

కిక్ ముందు హెడ్‌కి రంధ్రం వేస్తే వచ్చే మార్పు మొదటిసారి వినేవాళ్లకు కూడా తెలుస్తుంది. 22 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు ఉన్న కిక్‌లో 112 లీటర్ల గాలి ఉంటుంది. ఇందాకటి సూత్రమే దీనికి వాడితే 3 అంగుళాల రంధ్రానికి సుమారు 43 హెర్ట్జ్, 5 అంగుళాలకు 56, 7 అంగుళాలకు 66 వస్తాయి. కిక్ బాస్ ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకే ఇక్కడ రెండు అంగుళాల తేడాకే బాస్ స్వభావం మారిపోతుంది. 7 అంగుళాలు దాటితే ముందు హెడ్ ఉన్నా లేనట్టే.

కాలికి కూడా తేడా తెలుస్తుంది. పూర్తిగా మూసిన కిక్‌లో బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) ఎగిరి వెనక్కి వస్తుంది. రంధ్రం ఉంటే ఆ ఎదురు తన్ను తగ్గుతుంది. బీటర్‌ని హెడ్‌లోకి నొక్కిపెట్టే అలవాటున్నవాళ్లకు రంధ్రం ఉన్నదే హాయి.

5 అంగుళాల రంధ్రం వేసి, దానికి మూతలు చేసుకోవడం నా సలహా. పెద్దదాన్ని చిన్నది చేయొచ్చు కానీ కోసేసిన హెడ్‌ని అతికించలేం. అందుకే అంతకంటే పెద్దది వద్దు. నడి మధ్యలో కాదు, గడియారంలో నాలుగు గంటల ముల్లు చూపే వైపున, రిమ్ నుంచి కనీసం రెండు అంగుళాలు వదిలి గుర్తు పెట్టండి. మధ్యలో వేస్తే ముందు హెడ్ ఊపు బాగా చచ్చిపోతుంది.

కోయడానికి బ్లేడు వాడితే అంచులో ఎక్కడో ఒకచోట చిన్న గాటు మిగులుతుంది. హెడ్ చిరగడం అక్కడే మొదలవుతుంది. డ్రమ్మర్లు ఎప్పటినుంచో వాడే ఉపాయం పాలపొడి డబ్బా. సరైన సైజు ఖాళీ రేకు డబ్బాని పట్టకారుతో పట్టుకుని స్టవ్ మీద బాగా కాల్చి, డ్రమ్ నుంచి విప్పిన హెడ్ మీద ఒక్కసారి నిటారుగా నొక్కాలి. ప్లాస్టిక్ కరిగి గుండ్రంగా తెగుతుంది, అంచు కూడా లావుగా గట్టిపడుతుంది. ఇదంతా ఆరుబయట చేయండి, ఆ పొగ పీల్చొద్దు, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. ఇంత సాహసం వద్దనుకుంటే మ్యూజిక్ షాపుల్లో అంచుకి వేసే ప్లాస్టిక్ రింగులు అమ్ముతారు. ముందు రింగు అతికించి, దాని లోపలి అంచు వెంట కొత్త బ్లేడుతో కోసుకుంటే గాటు పడినా రింగు కాపాడుతుంది.

మూతలకు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో దొరికే సన్ బోర్డ్ బాగుంటుంది. తేలిగ్గా ఉంటుంది, కత్తెరతో తెగుతుంది. 6.5 అంగుళాల బిళ్లలు రెండు కోయండి. ఒకటి నిండుగా వదిలేయండి, ఇంకోదానికి మధ్యలో 3 అంగుళాల రంధ్రం చేయండి. వెనక అంచు చుట్టూ పలచటి ఫోమ్ టేపు, నాలుగు చోట్ల వెల్‌క్రో. ఇప్పుడు మీకు మూడు స్థితులున్నాయి: మూసినది, 3 అంగుళాలు, 5 అంగుళాలు. బిళ్ల బరువుకి ముందు హెడ్ స్వరం కొద్దిగా దిగుతుంది, కాబట్టి బిళ్ల పెట్టాకే ఆ హెడ్ ట్యూన్ చేసుకోండి. చెక్క బిళ్లలు, అట్ట బిళ్లలు వద్దు. మొదటిది బరువెక్కువ, రెండోది గరగరమంటుంది.

టామ్స్ (సెట్‌లోని మిగతా డ్రమ్‌లు) జోలికి పోనక్కర్లేదు. వాటి మోత రెండు హెడ్‌ల స్వరాల మధ్య తేడా మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అరగంట డ్రమ్ కీతో కూర్చుంటే వచ్చే ఫలితం రంధ్రాలతో రాదు.

ఎక్కడ ఏది తెరవాలి

టైల్స్ హాల్లో మైకులు లేకుండా వాయిస్తుంటే స్నేర్‌కి నాలుగూ తెరవండి, కిక్‌కి 5 అంగుళాలు. మెల్లటి ఆరాధన పాటలకు, బ్రష్‌లతో వాయించేటప్పుడు స్నేర్ మూతలన్నీ వేసేయండి. వైర్లు గుసగుసలు కూడా పలకాలి అప్పుడు. ఓపెన్ గ్రౌండ్‌లో గోడలే ఉండవు, మోత తిరిగి రాదు. అక్కడ డ్రై స్నేర్ ఎండిపోయినట్టు వినిపిస్తుంది కాబట్టి ఒకటి తెరిచి మూడు మూయండి, కిక్‌కి 3 అంగుళాల బిళ్ల పెట్టండి. పరదాలు, కార్పెట్లు ఉన్న స్టూడియోలో సగం సగంతో మొదలుపెట్టి పాటను బట్టి జరుపుకోవాలి.

మూతలన్నీ తెరిచినా తగ్గని మోత ఒకటుంది. కర్ర అంచు దగ్గర తగిలినప్పుడు వచ్చే టింగుమనే సన్న స్వరం. అది హెడ్‌ది, గాలిది కాదు. దానికి రిమ్ దగ్గర మోత అణిచే చిన్న జెల్ ముక్క ఒకటి అతికిస్తే చాలు.

మైకు పెట్టేవాళ్లకు ఈ రంధ్రాలు ఎక్కడున్నాయో ముందే చూపించండి. కిక్ రంధ్రానికి ఎదురుగా మైకు పెడితే ప్రతి దెబ్బకీ గాలి ఊది స్పీకర్లో ఫట్ ఫట్ మంటుంది. రంధ్రంలోంచి లోపలికి చెయ్యి వెడల్పంత దూరం పంపాలి, లేదా బయటే కాస్త పక్కకు తిప్పాలి. స్నేర్ రంధ్రాలు కూడా హై-హ్యాట్ (కాలితో కలిపే జంట తాళాలు) మైకు వైపు చూడకుండా డ్రమ్‌ని స్టాండ్ మీద తిప్పి పెట్టుకోండి. సౌండ్ చెక్ అయ్యాక మూతలు కదపొద్దు. కదిపితే మిక్సర్ దగ్గర ఉన్నతనికి చెప్పండి, లేకపోతే అతను ఈక్వలైజర్‌తో కుస్తీ పడుతూ కూర్చుంటాడు.